తూము లేని చెరువులు: హిమానీనదాలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల (కొండల మీద పేరుకుని మెల్లగా కిందికి జారే మంచు నదుల) పరిరక్షణ సంవత్సరంగా, ఏటా మార్చి 21ని హిమానీనదాల దినంగా ప్రకటించింది. అప్పటి నుంచి ఈ విషయంపై ఉత్తరాలు పెరిగాయి. ఒకే ప్రశ్నను పలువురు అడిగిన చోట కలిపి రాశాం.

ప్రశ్న: హిమాలయాల్లో మంచు పూర్తిగా కరిగిపోతే మా గోదావరి కాలవలకు నీళ్లొస్తాయా?
– ఒక వరి రైతు, తణుకు

మీ కాలవలో పారే నీటిలో హిమాలయాల చుక్క ఒక్కటీ లేదండి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకం కొండల్లో, కృష్ణ మహాబలేశ్వరంలో పుడతాయి. రెండూ వానల మీద బతికే నదులే. నైరుతి ఎలా కురిస్తే ధవళేశ్వరానికి నీళ్లు అలా వస్తాయి. మంచు కరగడం వల్ల మీకు బాధ వస్తే అది కాలవ తల నుంచి రాదు, సముద్రం వైపు నుంచి వస్తుంది. దాని గురించి కింద వేరే జవాబులో రాశాం.

సింధు, గంగ, బ్రహ్మపుత్రల సంగతి వేరు. ఆ మూడూ మళ్లీ ఒకలాంటివి కావు. కొండల్లోని ఎగువ ప్రవాహంలో హిమానీనదాల కరుగు నీటి వాటా సింధులో సుమారు 40 శాతం, బ్రహ్మపుత్రలో 16, గంగలో 12 శాతంలోపు ఉంటుందని 2014లో వెలువడిన ఒక లెక్క. మైదానంలోకి దిగి వాన నీరు కలిసేకొద్దీ ఆ వాటా ఇంకా తగ్గుతుంది. కాబట్టి 'గంగ ఎండిపోతుంది' అనే మాటను నమ్మనక్కర్లేదు.

అలాగని ఏడాది సగటు చూసి ఊరట పడకూడదు. చెరువు విలువ తెలిసేది ఎండాకాలంలో తూము తీసినప్పుడు. హిమానీనదం చేసే పనీ అదే. చలికాలపు మంచును పట్టి ఉంచి, రుతుపవనాలు రాకముందు మే, జూన్ నెలల్లో, వానలు ముఖం చాటేసిన ఏడాదిలో నీళ్లు వదులుతుంది. అది చిక్కిపోతే వానాకాలంలో తేడా కనబడదు. నాట్లకు ముందు, వేసవి కరెంటు కొరత రోజుల్లో, కరవు ఏడాదిలో కనబడుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మంచు త్వరగా కరిగే తొలి దశాబ్దాల్లో నదిలో నీరు పెరుగుతుంది. గాదె అడుగు ధాన్యం తీసి తింటూ పంట బాగా పండిందనుకోవడం లాంటిదది. ఆ పెరుగుదలను శాశ్వతమనుకుని కొత్త ఆయకట్టు, కొత్త జలవిద్యుత్ కేంద్రం కట్టుకుంటే, ప్రవాహం శిఖరం దాటి తగ్గడం మొదలైన రోజున అవి రెండూ చిక్కులో పడతాయి. చాలా హిమాలయ లోయల్లో ఆ శిఖరం ఈ శతాబ్దం మధ్య ప్రాంతంలో వస్తుందని అంచనా.

ప్రశ్న: 2035కల్లా హిమాలయాల్లో మంచు మాయమవుతుందని ఒకప్పుడు చదివాను. గడువు దగ్గరపడింది, మంచు అలాగే ఉంది. ఇదంతా అతిశయోక్తేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, విజయనగరం

ఆ 2035 మాట తప్పు. 2007లో వచ్చిన వాతావరణ మార్పుల అంతర్ ప్రభుత్వ సంఘం నివేదికలో సరిగా సరిచూడకుండా చేర్చారు. 2010లో ఆ సంఘమే తప్పు ఒప్పుకుంది. ఇప్పుడు చేతిలో ఉన్న లెక్కలు కొలతల మీద నిలబడ్డవి. ఖాట్మండులోని అంతర్జాతీయ పర్వత పరిశోధన సంస్థ ఇసిమోడ్ 2023లో చెప్పిన ప్రకారం, హిందూకుష్–హిమాలయ హిమానీనదాలు 2011–2020 మధ్య అంతకు ముందు దశాబ్దం కంటే 65 శాతం వేగంగా కరిగాయి. భూతాపం 1.5 నుంచి 2 డిగ్రీల దగ్గర ఆగితే 2100కి మంచులో మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. ఉద్గారాలు ఇలాగే పెరిగితే 80 శాతం వరకూ పోవచ్చు. ఒక తేదీ తప్పయితే ఈ కొలతలు తప్పయిపోవు.

ప్రశ్న: అంత ఎత్తున ఉన్న మంచు ఎంత కరిగిందో ఎలా కొలుస్తారు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, ఆదిలాబాద్

వెదురు కర్రతో! హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ ప్రాంతంలో, చంద్రా లోయలో ఛోటా శిగ్రి అనే 15 చదరపు కిలోమీటర్ల హిమానీనదం ఉంది. అక్కడ 2002 నుంచి ఏటా ఈ కొలత తీస్తున్నారు.

ఆవిరి చిమ్మే డ్రిల్లుతో మంచులోకి 10 మీటర్ల దాకా సన్నని రంధ్రం చేస్తారు. రెండేసి మీటర్ల వెదురు ముక్కలను తీగతో ఒకదానికొకటి కట్టి అందులోకి దింపుతారు. కరిగే కాలం ముగిసిన సెప్టెంబరు చివర, అక్టోబరులో కర్ర బయటికి ఎంత తేలిందో చూస్తారు. నిరుడు 60 సెంటీమీటర్లు బయట ఉన్న కర్ర ఈ ఏడాది 3 మీటర్ల 10 సెంటీమీటర్లు తేలితే 2.5 మీటర్ల మంచు పోయినట్టు. మంచుగడ్డ సాంద్రత నీటిలో 0.9 కాబట్టి అది 2.25 మీటర్ల నీరు. పైభాగంలో మంచు కరగదు, పేరుకుంటుంది. అక్కడ గొయ్యి తవ్వి, నిరుటి మురికి పొర కనిపించే దాకా దిగి, పొర పొరకీ తూకం వేసి సాంద్రత కడతారు. ఏ ఎత్తులో ఎంత విస్తీర్ణం ఉందో చూసి, కింది నష్టాన్నీ పై లాభాన్నీ కలిపితే ఆ ఏటి నికర లెక్క తేలుతుంది.

పొరపాట్లు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. ఇనుప కడ్డీ వాడితే ఎండకు వేడెక్కి చుట్టూ మంచును తనే కరిగిస్తుంది, తన బరువుకు తనే దిగుతుంది. వెదురు వాడేది అందుకే. కర్ర ఒరిగితే నిలువు ఎత్తు కొలవాలి, కర్ర పొడవు కాదు. కొత్త మంచు పడి ఉంటే దాన్ని తీసేసి, గట్టి మంచు ఉపరితలం నుంచి చదవాలి. వేగంగా కరిగే చోట రెండేళ్లు వెళ్లకపోతే కర్ర మొత్తం తేలి పడిపోతుంది, ఆ లెక్క పోయినట్టే.

పత్రికల్లో ఎక్కువగా వచ్చే 'ఏడాదికి ఇన్ని మీటర్లు వెనక్కి తగ్గింది' అన్న వార్త హిమానీనదం పొడవు గురించి. మనిషి చిక్కాడా లేదా అని ఎత్తు కొలిచి చెప్పలేం కదా. మందం పలచబడుతూ కూడా హిమానీనదం ముఖం, అంటే దాని కింది అంచు, కొన్నేళ్లు ఉన్నచోటే ఉండొచ్చు. చూడాల్సింది మందం.

ప్రశ్న: 2023లో సిక్కింలో మంచు సరస్సు తెగి ఆనకట్ట కొట్టుకుపోయింది. ఆ సరస్సు ప్రమాదకరమని ముందే తెలుసంటున్నారు. పైపులు వేసి నీరు తోడెయ్యలేకపోయారా?
– నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు, నల్లగొండ

చెరువు కట్టలు చూసిన మీకు ఇది తొందరగా అర్థమవుతుంది. హిమానీనదం కిందికి జారుతూ రాళ్లు, మట్టి నెట్టుకొచ్చి ముందూ పక్కలా గుట్టలు పోస్తుంది. దాన్నే మొరైన్ అంటారు. మంచు వెనక్కి తగ్గినప్పుడు ఆ గుట్టకూ మంచుకూ మధ్య పల్లంలో కరుగు నీరు నిలుస్తుంది. అంటే అదొక చెరువు. కట్ట ఉంది గానీ ఎవరూ దిమ్మిస కొట్టలేదు, రాతి కట్టడం లేదు, తూము లేదు, అలుగు దానంతట అది పడిందే. పైగా కట్ట లోపల మంచు గడ్డలు ఉంటాయి. అవి కరిగితే కట్ట లోలోపల గుల్లవుతుంది.

సిక్కింలోని సౌత్ ల్హోనాక్ సరస్సు 5,200 మీటర్ల ఎత్తున ఉంది. 2023 అక్టోబరు 3 రాత్రి పక్క మొరైన్ నుంచి 1.47 కోట్ల ఘనపు మీటర్ల గడ్డకట్టిన మట్టి, రాళ్లు ఒక్కసారిగా సరస్సులో పడ్డాయి. 20 మీటర్ల అల లేచి కట్టను దాటి కోసేసింది. సుమారు 5 కోట్ల ఘనపు మీటర్ల నీరు, అంటే 1.77 టీఎంసీలు బయటపడింది. హైదరాబాద్ హిమాయత్‌సాగర్ నిండు నిల్వలో ఇది సగానికి పైమాట. 167 హెక్టార్ల సరస్సు 60 హెక్టార్లకు కుంచించుకుపోయింది. సుమారు రెండు గంటల్లో వరద చుంగ్‌థాంగ్ చేరి, 1,200 మెగావాట్ల తీస్తా–3 ప్రాజెక్టుకు కట్టిన 60 మీటర్ల రాతి ఆనకట్టను తుడిచిపెట్టింది. మన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువుకు గండి పడితే కింది కట్టలు వరసగా తెగుతాయి చూడండి, ఇదీ అంతే. ఆనకట్ట వెనక నిలిచిన నీరు కూడా వరదకు తోడైంది. యాభై మందికి పైగా చనిపోయారు, ఇంకా డెబ్బై మందికి పైగా జాడ తెలియలేదు. వరద బంగ్లాదేశ్ దాకా వెళ్లింది.

ఇక మీ ప్రశ్నకు. పైపులు వేశారు. 2016లో 8 అంగుళాల ప్లాస్టిక్ గొట్టాలు మూడు వేసి సైఫన్ పద్ధతిలో నీరు లాగారు. ఎందుకు చాలలేదో లెక్క చూడండి. మూడూ కలిసి సెకనుకు 150 లీటర్లు లాగాయనుకుందాం. రోజుకు 12,960 ఘనపు మీటర్లు. 167 హెక్టార్ల మీద పరిస్తే రోజుకు 8 మిల్లీమీటర్లు కూడా తగ్గదు. ఆ రాత్రి వచ్చిన 5 కోట్ల ఘనపు మీటర్లను అలా తోడాలంటే పదేళ్లు దాటుతుంది, అదీ పైనుంచి చుక్క నీరు చేరకపోతే. ఎండాకాలంలో హిమానీనదం అంతకంటే ఎక్కువే తెచ్చి పోస్తుంది.

సైఫన్‌కు ఇంకో హద్దు ఉంది. డ్రమ్ములోంచి గొట్టంతో నీరు లాగినప్పుడు నీటిని పైకి నెట్టేది బయటి గాలి ఒత్తిడే. సముద్రమట్టం దగ్గర అది 10 మీటర్ల ఎత్తు దాకా నెట్టగలదు. 5,200 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి దాదాపు సగమే, కాబట్టి 5.4 మీటర్లు మించి ఎక్కదు. గొట్టం రాపిడి, అతుకుల్లో గాలి చేరడం తీసేస్తే పనికొచ్చేది 4 మీటర్లు. కట్ట శిఖరం నీటి మట్టానికి అంతకన్నా ఎత్తున ఉంటే ముందు అక్కడ కోత కోసి గొట్టాన్ని దించుకోవాలి. రాత్రి ప్రవాహం ఆగిందా, గొట్టంలో నీరు గడ్డకట్టి పగులుతుంది.

పనిచేసే పద్ధతి అలుగు కట్టడమే. నేపాల్‌లో సో రోల్పా సరస్సుకు మొరైన్‌లో కాలవ తవ్వి తలుపులు పెట్టి 2000లో 3 మీటర్లు దించారు. ఎవరెస్టు దగ్గరి ఇంజా సరస్సును 2016లో 3.4 మీటర్లు దించారు, 50 లక్షల ఘనపు మీటర్లకు పైగా నీరు పోయింది. భూటాన్‌లో థోర్థోర్మి సరస్సును వందల మంది కూలీలు చల్లని నీటిలో నిలబడి పార, గడ్డపారలతో తవ్వి 5 మీటర్లు దించారు. పెద్ద యంత్రాలు అక్కడికి చేరవు. తవ్వేటప్పుడు కాలవ అడుగున బండరాళ్లు పరిచి, కొద్దికొద్దిగా లోతు చేయాలి. తొందరపడి ఒక్కసారి కోస్తే మనమే గండి కొట్టినవాళ్లమవుతాం.

3 మీటర్లు దించితే ముప్పు పోదు, తగ్గుతుంది. 20 మీటర్ల అలకు 3 మీటర్ల ఖాళీ చాలదు. అందుకే కింది ఊళ్లకు సైరన్, ఆనకట్టకు ముందస్తు సమాచారం, అర్ధరాత్రయినా తలుపులు ఎత్తే ఏర్పాటు తప్పనిసరి. సరస్సుకూ చుంగ్‌థాంగ్‌కూ మధ్య రెండు గంటలు ఉన్నాయి. కొండ ఎక్కడానికి పది నిమిషాలు చాలు.

ఎక్కడ ఎన్ని సరస్సులున్నాయన్నది మన హైదరాబాద్ నుంచే చూస్తున్నారు. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సింధు, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లో పావు హెక్టారు మించిన 28,043 మంచు సరస్సులను పటాల్లోకి ఎక్కించింది. 10 హెక్టార్లు మించిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 నుంచి బాగా పెరిగాయని, వాటిలో 130 భారత్‌లో ఉన్నాయని ఇస్రో 2024లో వెల్లడించింది. అదే ఏడాది కేంద్రం నాలుగు హిమాలయ రాష్ట్రాలకు ఈ పనుల కోసం 150 కోట్ల రూపాయల పథకం మంజూరు చేసింది. ఒక్క సరస్సును దించడానికి పట్టే శ్రమ చూస్తే ఈ సొమ్ము ఆరంభానికి మాత్రమే సరిపోతుందని మా అభిప్రాయం.

ప్రశ్న: లద్దాఖ్‌లో మంచు స్తూపాలు కట్టి సాగు చేస్తున్నారట. అవి ఎలా పనిచేస్తాయి? హిమానీనదాలకు బదులు అవి చాలవా?
– ఒక వ్యవసాయ కళాశాల విద్యార్థి, అనంతపురం

లేహ్‌లో ఏడాదికి పడే వాన, మంచు కలిపితే 100 మిల్లీమీటర్లు. మీ జిల్లాలో పడేదాంట్లో అయిదో వంతు. బార్లీ విత్తాల్సింది ఏప్రిల్–మే నెలల్లో. హిమానీనదం బాగా కరిగేది జూన్ చివర నుంచి. మధ్యలో ఆ రెండు నెలల కరవే వాళ్ల సమస్య. ఊరి దగ్గరి చిన్న హిమానీనదాలు పైకి తగ్గేకొద్దీ ఆ కరవు పెరుగుతోంది. జన్‌స్కార్‌లో కుమిక్ అనే ఊరివాళ్లు వాగు చాలక, దిగువన నది దగ్గర కొత్త ఊరు కట్టుకుని కాలవ తవ్వుకోవాల్సి వచ్చింది.

చలికాలంలో మాత్రం వాగు నీరు వాడేవాళ్లు లేక వృథాగా పోతుంది. ఇంజనీరు ఛెవాంగ్ నోర్ఫెల్ 1980ల చివర నుంచి ఆ నీటిని నీడ లోయల్లో చిన్న రాతి అడ్డుకట్టల వెనక పల్చగా గడ్డకట్టించారు. 2013లో సోనమ్ వాంగ్చుక్ బృందం దాన్ని స్తూపం ఆకారంలోకి మార్చింది. సాగు నేల పక్కనే, ఎండలో కూడా మంచు నిలవడానికి. శంఖాకారంలో ఎక్కువ మంచు ఉండి, ఎండకు తగిలే ఒళ్లు తక్కువగా ఉంటుంది.

కట్టే తీరు ఇది. వాగులో ఎగువన, స్తూపం చోటికంటే కొన్ని పదుల మీటర్ల ఎత్తున నీరు పట్టి, భూమిలో చలి దిగని లోతున గొట్టం వేస్తారు. మోటారు ఉండదు, ఎత్తు తేడాయే నీటిని చిమ్ముతుంది. నిలువు గొట్టం చివర తుంపర్లు వేసే మూతి, చుట్టూ ముళ్లకంపతో గూడు. సున్నాకు 10, 20 డిగ్రీల దిగువ చలి ఉన్న రాత్రుల్లో తుంపర నేలకు చేరేలోపు గడ్డకడుతుంది. స్తూపం ఎదిగేకొద్దీ గొట్టం పొడిగిస్తారు.

లెక్క మీరే వేయొచ్చు. 20 మీటర్ల ఎత్తు, అడుగున 20 మీటర్ల వెడల్పు స్తూపంలో సుమారు 2,090 ఘనపు మీటర్ల మంచు. నీరుగా 19 లక్షల లీటర్లు. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి ఇవ్వాలంటే 2 లక్షల లీటర్లు కావాలి. అంటే తొమ్మిది ఎకరాలకు ఒక్క తడి. ఎండకు, గాలికి పోయేది తీసేస్తే ఇంకా తక్కువ. కొత్తగా నాటిన పాప్లార్, విల్లో మొక్కలను బతికించడానికి చాలుతుంది. హిమానీనదానికి మాత్రం బదులు కాదు.

చెడిపోయేది ఎక్కువగా గొట్టం దగ్గరే. గొట్టంలో వేగం తగ్గితే గడ్డకడుతుంది, కాబట్టి నీరు ఆపిన క్షణంలో అడుగున వాల్వు తీసి మొత్తం ఖాళీ చేయాలి. మూతికి మంచు పట్టి పూడుకుపోతుంది, రాత్రి ఎవరో ఒకరు ఎక్కి కొట్టాలి. పగలు చలి తగ్గాక కూడా నీరు వదిలితే గడ్డకట్టకపోగా కట్టిన మంచును కోస్తుంది. అన్నిటికన్నా చిక్కు, నీరు ఎవరి వంతు అన్నది. లద్దాఖీ ఊళ్లలో వంతులు చూసే మనిషిని చుర్పోన్ అంటారు, మన చెరువుల కింద నీరటి లాంటివాడు. ఎగువ ఊరు శీతాకాలపు నీరు పడితే దిగువ ఊరు ఊరుకోదు. చుర్పోన్లను కూర్చోబెట్టి మాట్లాడకుండా గొట్టం వేసిన చోట పని నిలబడదు.

ప్రశ్న: పొగ, మసి వల్ల కూడా మంచు కరుగుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

కరుగుతుంది. కొత్త మంచు మీద పడ్డ ఎండలో 80 శాతానికి పైగా తిరిగి వెళ్లిపోతుంది. మురికి పట్టిన పాత మంచు 20 నుంచి 40 శాతమే వెనక్కి పంపుతుంది. మిగతా వేడంతా లోపలికే. మైదానంలోని ఇటుక బట్టీలు, పొలాల్లో గడ్డి మంటలు, పాత డీజిల్ బండ్లు, కట్టెల పొయ్యిల మసి గాలితో అక్కడిదాకా వెళ్తుంది. మసి గాలిలో నిలిచేది కొన్ని రోజులే కాబట్టి దాన్ని తగ్గిస్తే ఫలితం త్వరగా కనబడుతుంది. రాళ్ల సంగతి వేరు. వేలి మందం రాళ్ల పొర మంచును త్వరగా కరిగిస్తుంది. మూర మందం పొర దుప్పటిలా కాపాడుతుంది.

ప్రశ్న: గ్లాసులో మంచు ముక్క కరిగితే నీటి మట్టం పెరగదు కదా, సముద్రం ఎందుకు పెరుగుతుందని పిల్లలు అడిగారు.
– ఒక సైన్సు ఉపాధ్యాయిని, శ్రీకాకుళం

పిల్లల ప్రశ్న చక్కగా ఉంది, చేసి చూపించండి. 7 సెంటీమీటర్ల వెడల్పున్న, నిలువుగా ఉండే రెండు గాజు గ్లాసులు తీసుకోండి. రెండింట్లోనూ సగం దాకా నీరు. మొదటిదాంట్లో నాలుగు మంచు ముక్కలు తేలనివ్వండి. రెండోదాంట్లో నీటిపైకి తేలేంత రాయి పెట్టి, దాని మీద నాలుగు ముక్కలు పెట్టండి. మంచు పెట్టాకే మట్టానికి టేపు అతికించండి. అరగంట తర్వాత మొదటి గ్లాసులో మట్టం కదలదు. రెండోదాంట్లో, కరిగిన ప్రతి 38 గ్రాములకు కనీసం 1 సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. రాయి మునిగి మంచు నీటిని తాకితే, లేదా వెడల్పాటి గిన్నె వాడితే తేడా కనబడక పిల్లలు నిరాశపడతారు.

హిమానీనదాలు రెండో గ్లాసు లాంటివి, నేల మీద ఉన్న మంచు. 2000 నుంచి 2023 దాకా గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పలకలను మినహాయిస్తే ప్రపంచ హిమానీనదాలు ఏడాదికి సగటున 27,300 కోట్ల టన్నులు కోల్పోయాయి. దాంతో సముద్రం 18 మిల్లీమీటర్లు పెరిగింది. 36,200 కోట్ల టన్నులకు ఒక మిల్లీమీటరు అని గుర్తుపెట్టుకుంటే పిల్లలు ఏ వార్తనైనా వాళ్లే లెక్కవేసుకోగలరు.

ప్రశ్న: ఉప్పాడ తీరం కోసుకుపోతున్నది మంచు కరగడం వల్లేనా? మా బోరు నీళ్లు ఉప్పుగా మారుతున్నాయి, ఏం చేయాలి?
– ఒక కౌలు రైతు, కాకినాడ జిల్లా

ఉప్పాడ కోతను మంచు మీదకు నెట్టేస్తే అసలు కారణాలు తప్పించుకుంటాయి. గోదావరి తెచ్చే ఒండ్రు ఎగువ ఆనకట్టల్లో ఆగిపోతోంది. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరిగి అలల దారి మారింది. ఓడరేవు కట్టడాలు తీరం వెంట ఇసుక నడకను అడ్డుకున్నాయి. సముద్రమట్టం 1993 నుంచి ప్రపంచ సగటున 10 సెంటీమీటర్లు పెరిగింది. అందులో హిమానీనదాల వాటా ఒక భాగమే, నీరు వేడెక్కి వ్యాకోచించడం అంతకంటే పెద్దది. ఈ 10 సెంటీమీటర్లు ఉప్పెన నాడు అలకు మెట్టు వేసినట్టవుతుంది.

బోరు విషయంలో ఈ సూత్రం తెలుసుకోండి. తీరం దగ్గర భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి 1 మీటరు పైన మంచినీటి మట్టం ఉంటే, కింద సుమారు 40 మీటర్ల మందాన మంచినీరు ఉంటుంది. ఆ తేడా 10 సెంటీమీటర్లు తగ్గితే కింద 4 మీటర్లు పోయినట్టే. సముద్రం పెరిగినా, మీరు ఎక్కువ తోడినా ఫలితం ఒకటే. తోడడం వల్ల వచ్చే తగ్గుదల చాలా పెద్దది, అదృష్టవశాత్తు అది మన చేతిలో ఉంది.

ఉప్పు తగిలిన బోరును ఇంకా లోతుకు దింపకండి, ఉప్పు దగ్గరికి మీరే వెళ్తున్నారు. ఒక్క బోరు నుంచి పది గంటలు తోడేకంటే, లోతు తక్కువ ఫిల్టరు పాయింట్లు రెండు మూడు వేసి కొంచెం కొంచెంగా లాగండి. వానాకాలంలో పొలం కుంటల్లో, పాత కాలవల్లో నీరు నిలపండి. నీటిలో కరిగిన లవణాలను చూపే చేతి టీడీఎస్ మీటరుతో మోటారు వేసిన అరగంట తర్వాత కొలిచి, తేదీతో రాసుకోండి. సుమారు 1,280 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాటితే వరి దిగుబడి దెబ్బతినడం మొదలవుతుంది. నారుమడికి, పూత దశకు కాలవ నీరు అట్టిపెట్టుకుని, ఉప్పు తట్టుకునే మధ్య దశలో బోరు నీరు కలిపి వాడండి. పక్కన రొయ్యల చెరువు ఉంటే గట్టు వెంట లోతైన మురుగు కాలవ తవ్వించమని అడగండి.

ప్రశ్న: నేను స్విట్జర్లాండ్‌లో పనిచేస్తున్నాను. బ్లాటెన్ ఊరు మంచు కింద పడిపోయినా జనం ఎలా బతికారు?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జ్యూరిక్

కొలిచారు, నమ్మారు, ఖాళీ చేయించారు. పైనున్న శిఖరం నుంచి రాళ్లు బిర్చ్ హిమానీనదం మీద పేరుకుని, ఆ బరువుకు అది కదలడం మొదలైంది. 2025 మే 19న సుమారు 300 మందినీ పశువులతో సహా తరలించారు. మే 28న హిమానీనదం కూలి ఊరిలో 90 శాతం పూడిపోయింది. ఒక్కరు చనిపోయారు. 2021 ఫిబ్రవరి 7న మన ఉత్తరాఖండ్‌లోని చమోలీలో రొంటి శిఖరం నుంచి 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు పడినప్పుడు పైన చూసే కన్ను లేదు. తపోవన్ జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగంలో పని మధ్యలో ఉన్నవాళ్లకు కబురు అందలేదు. రెండొందల మందికి పైగా పోయారు.

ప్రశ్న: ఈ నష్టానికి ఎవరినైనా కోర్టుకు లాగవచ్చా?
– ఒక న్యాయ విద్యార్థి, విశాఖపట్నం

ఆ ప్రయత్నం జరిగింది. పెరూలో వారాజ్ పట్టణం పైన పాల్కాకోచా అనే మంచు సరస్సు ఉంది. 1941 డిసెంబరు 13న అది తెగి వేలాది మందిని బలితీసుకుంది. ఆ పట్టణ రైతు ఒకరు 2015లో జర్మనీ విద్యుత్ సంస్థ మీద దావా వేశారు. రక్షణ పనుల ఖర్చులో, ప్రపంచ ఉద్గారాల్లో ఆ సంస్థ వాటాకు తగ్గ భాగమే అడిగారు, సుమారు 17,000 యూరోలు. 2025 మే 28న, బ్లాటెన్ కూలిన రోజే, హామ్ నగర కోర్టు ఆయన ఇంటికి ముప్పు తగినంత ఎక్కువ లేదని దావా కొట్టేసింది. అదే తీర్పులో, పెద్ద ఎత్తున ఉద్గారాలు చేసే సంస్థలు ఇలాంటి నష్టానికి సూత్రరీత్యా బాధ్యులు కావచ్చని చెప్పింది. మీరు చదవాల్సింది ఆ రెండో భాగం.

ప్రశ్న: గంగోత్రి నుంచి గోముఖ్ వెళ్లాలనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు పాటించాలి?
– నలుగురు యాత్రికులు, కరీంనగర్

గంగోత్రి హిమానీనదం ముఖమే గోముఖ్. గంగోత్రి నుంచి అది 18 కిలోమీటర్లు. చీర్‌బాసా 9, భోజ్‌బాసా 14 కిలోమీటర్ల దగ్గర వస్తాయి. గంగోత్రి జాతీయ ఉద్యానం అనుమతి తప్పనిసరి, రోజుకు 150 మందికే ఇస్తారు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. కాబట్టి గంగోత్రిలో రెండు రాత్రులు ఆగి బయలుదేరండి. తలనొప్పితో పాటు వాంతులు, తడబాటు వస్తే మాత్రలు మింగి పైకి పోవద్దు, వెంటనే కిందికి దిగాలి.

చీర్‌బాసా దాటాక పైనుంచి రాళ్లు దొర్లే చోటు ఉంది. అక్కడ ఫొటోలకు ఆగవద్దు. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి పక్క వాగులు ఉప్పొంగుతాయి, ఉదయం మోకాలి లోతున్నది మధ్యాహ్నం నడుము దాటొచ్చు. పది గంటలలోపు దాటేయండి.

గోముఖ్ గుహ దగ్గరికి తీర్థం పట్టడానికి వెళ్లేవాళ్లు ఉన్నారు. దయచేసి వెళ్లవద్దు. ఆ మంచు గోడ నుంచి గదంత ముక్కలు చెప్పాపెట్టకుండా ఊడి పడతాయి. కొన్ని వందల మీటర్ల ఇవతల పట్టుకున్నా అవే గంగనీళ్లు. 1935 నుంచి ఆ ముఖం కిలోమీటరున్నర దాకా వెనక్కి పోయింది, కాబట్టి పాత పుస్తకాల్లో చదివిన చోట అది ఉండదు.

బస సంగతి. 2025 ఆగస్టు 5న వరద ముంచెత్తిన ధరాలీ ఇదే దారిలో ఉంది. ఖీర్ గాడ్ అనే వాగు యుగాలుగా తెచ్చి పోసిన రాళ్లమట్టి విసనకర్ర మీదే ఆ ఊరి హోటళ్లు ఉన్నాయి. గది తీసుకునే ముందు ఇంటి వెనక ఏదైనా వాగు దిగుతోందా చూసుకోండి. గుడారం నది అంచున వేయకండి. రాత్రి నది హోరు ఉన్నట్టుండి తగ్గిందంటే పైన ఎక్కడో అడ్డుపడి నీరు నిలుస్తోందని అర్థం. నీరు బురదగా మారడం, తడిమట్టి వాసన, దూరంగా రైలు వస్తున్నట్టు చప్పుడు కూడా గుర్తులే. సామాను వదిలేయండి. నది వెంట కిందికి పరుగెత్తవద్దు, వరద మీకన్నా వేగం. పక్క వాలు మీదికి ఎక్కండి, కనీసం పదంతస్తుల ఎత్తు.